కంప్రెషర్ మార్చమంటారు సరే, పైపులు ఎవరు కడగాలి? ఏసీ కంపెనీల సర్వీస్ విభాగాల పెద్దలకు బహిరంగ లేఖ

అయ్యా,

మీలో ఎవరి బ్రాండ్ ఏదైనా, ఫ్రాంచైజీ సెంటర్లకు మీరు పంపే రేట్ కార్డులు మాత్రం దాదాపు ఒకే మూసలో ఉంటాయి. ఇన్‌స్టలేషన్‌కి ఇంత, వెట్ సర్వీస్‌కి ఇంత, గ్యాస్ చార్జింగ్‌కి ఇంత, పీసీబీ మారిస్తే ఇంత, కంప్రెషర్ మారిస్తే ఇంత. కాలిపోయిన కంప్రెషర్ విప్పాక మిగిలిన కాయిల్స్‌నీ కాపర్ లైన్‌నీ లోపల కడగాలి. దానికి మాత్రం గడి లేదు. నేను పనిచేసిన ఏ కార్డులోనూ నాకు కనబడలేదు. విజయవాడ చుట్టుపక్కల ఈ పనిలో ఉన్న తోటివాళ్లను అడిగితే వాళ్లూ అదే మాటన్నారు. ఆ గడి పెట్టమని, అందులో ఏ ద్రవంతో కడగాలో కూడా మీరే రాయమని అడగడానికే ఈ ఉత్తరం.

ఏసీ వాడే మామూలు జనం కూడా దీన్ని చదువుతారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. కాలిన కంప్రెషర్‌ని బల్ల మీద పెట్టి, గ్యాస్‌ని లోపలికి పీల్చే సక్షన్ పైపు కిందికి వచ్చేలా వంచితే లోపలి ఆయిల్ బయటికొస్తుంది. మంచి ఆయిల్ తేటగా ఉంటుంది, మహా అయితే లేత పసుపు. కాలినదాంట్లోంచి వచ్చేది ఏళ్ల తరబడి మార్చని బైక్ ఇంజన్ ఆయిల్‌లా నల్లగా, చిక్కగా దిగుతుంది. వాసన చూడక్కర్లేదు, ఆ ఘాటు గదంతా అదే పట్టేస్తుంది. గ్లవ్స్ లేకుండా దాన్ని ముట్టుకోకూడదు, ఎందుకంటే అందులో ఆమ్లం ఉంటుంది. లోపలి మోటారు తీగచుట్ట (వైండింగ్) షార్టయి కాలినప్పుడు ఆ వేడికి ఇన్సులేషన్ వార్నిష్, ఆయిల్, గ్యాస్ మూడూ విరిగిపోతాయి. పాత గ్యాస్ ఆర్-22తో నడిచే మెషీన్ అయితే హైడ్రోక్లోరిక్, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లాలు రెండూ పుడతాయి. కొత్త ఏసీల్లో వచ్చే ఆర్-32 గ్యాస్‌లో క్లోరిన్ లేదు, కాబట్టి అందులో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పుడుతుంది. కొత్త గ్యాసులతో వాడే పీఓఈ (పాలియోల్ ఎస్టర్) ఆయిల్‌కి తేమను పీల్చుకునే గుణం ఉంది. తేమ, వేడి కలిస్తే ఆ ఆయిలే విరిగి ఇంకో రకం ఆమ్లాన్నిస్తుంది.

కంప్రెషర్ పూర్తిగా ఆగిపోయేలోపు కాలుతూనే కాసేపు తిరుగుతుంది. ఆ కాసేపట్లోనే ఈ మసీ ఆమ్లమూ అవుట్‌డోర్ యూనిట్‌లోని కండెన్సర్ కాయిల్‌లోకి, క్యాపిలరీ అనే సన్నని గొట్టంలోకి, బెడ్‌రూమ్‌లో ఉన్న ఇన్‌డోర్ కాయిల్ దాకా వెళ్లిపోతాయి. మీరు పంపిన కొత్త కంప్రెషర్‌ని మేం ఆ మురికికే తగిలిస్తున్నాం. అది వెంటనే పోదు, చిక్కంతా అక్కడే ఉంది. ఆమ్లం కొత్త వైండింగ్ వార్నిష్‌ని మెల్లగా తినేస్తుంది, పైపుల్లో రాగిని కరిగించి తీసుకొచ్చి బేరింగుల మీద పూతగా పెడుతుంది, మసి వెళ్లి స్ట్రెయినర్ అనే జల్లెడలో అడ్డుపడుతుంది. కొన్ని నెలలకు కస్టమర్ మళ్లీ ఫోన్ చేస్తాడు. అప్పుడు మీ వాళ్లు రాసేది ‘వోల్టేజ్ సమస్య’ అనో, ‘ఇన్‌స్టలేషన్ లోపం’ అనో. మాకు తెలిసిన ఒక ఇంట్లో ఏడాది తిరక్కుండా రెండో కంప్రెషర్ పోతే ఇలాగే రాసి వారంటీ తోసేశారు. మొదటిసారి కాలినప్పుడు లైన్ కడిగారా లేదా అని ఎవరూ అడగలేదు. అడగడానికి జాబ్ షీట్‌లో ఆ ప్రశ్నే లేదు కదా.

పోయిన ప్రతి కంప్రెషర్‌కీ ఫ్లషింగ్, అంటే లైన్‌ని ద్రవంతో కడగడం, కావాలని నేననడం లేదు. కెపాసిటర్ పోయి మొరాయించినదీ, వాల్వ్ అరిగి ప్రెషర్ లేవనిదీ వేరే కథ. ఆయిల్ తీసి యాసిడ్ టెస్ట్ కిట్‌తో చూస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. రంగు మారకపోతే, ఆయిల్ తేటగా ఉంటే, నైట్రోజన్ పట్టి, తేమ పీల్చే కొత్త డ్రయ్యర్ వేస్తే చాలు. మారిందంటే మాత్రం ద్రవంతో కడగాల్సిందే. నైట్రోజన్ ఊదితే గొట్టం మధ్యలో ఉన్నది పోతుంది గానీ, గోడకు జిడ్డుగా పట్టిన ఆయిల్ పోదు. ఆమ్లం ఉండేది ఆ జిడ్డులోనే.

మరి ఇప్పుడు ఏం జరుగుతోంది? పని తెలిసిన కుర్రాడికి కడగాలని తెలుసు. కడిగేదానికి డబ్బులు రావని కూడా తెలుసు. అందుకని చేతికందినదాంతో కడుగుతాడు. బండిలోంచి తీసిన అర లీటరు పెట్రోలు. పెయింట్ షాపులో దొరికే థిన్నర్. లేదంటే స్పేర్ల షాపులో ‘ఫ్లషింగ్ లిక్విడ్’ పేరుతో ఇచ్చే సీసా. దాని మీద లేబుల్ ఉండదు, లోపల ఏముందో అమ్మేవాడికీ తెలియదు. ఇవేవీ దొరక్కపోతే కొత్త గ్యాస్‌నే కాస్త లైన్లోకి వదిలి, అటు చివర గాల్లోకి ఊదేస్తాడు. ఆ గ్యాస్ ఖరీదు కస్టమర్ బిల్లులో ఎలాగూ కలిసిపోతుంది. భూమి వేడెక్కితే ఆ లెక్క ఎవరి బిల్లులోనూ రాదు.

పెట్రోలు సంగతి చెప్పాలి. కాయిల్ అడుగు వంపుల్లో కొంచెం మిగిలిపోతుంది, ఎంత ఊదినా. తర్వాత లీక్ టెస్ట్ పెడతారు. నైట్రోజన్ సిలిండర్ మోసుకురావడం బరువని, వెల్డింగ్ సెట్టులో ఉన్న ఆక్సిజన్‌నే లైన్లోకి ఎక్కించేవాళ్లు ఇంకా ఉన్నారు. ఒత్తిడితో ఉన్న ఆక్సిజన్‌కి ఒట్టి కంప్రెషర్ ఆయిల్ తగిలితేనే పేలుతుంది, పెట్రోలు కూడా ఉంటే చెప్పేదేముంది? ఆక్సిజన్ బదులు మామూలు గాలి ఉన్నా ప్రమాదం తప్పదు. పంప్ డౌన్ చేసేటప్పుడు, అంటే గ్యాస్‌ని అవుట్‌డోర్ యూనిట్‌లోకి లాగి నిలిపేటప్పుడు, గాలి లోపలికి పీల్చుకుంటే, ఆయిల్ ఆవిరీ గాలీ కలిసి నలిగి డీజిల్ ఇంజన్‌లో మాదిరి అంటుకుని కంప్రెషర్ పగిలిపోతుంది. ఆర్-32 తక్కువగానే అయినా మండే గ్యాస్, ఆర్-290 అంటే సాక్షాత్తూ ప్రొపేన్. వాటి ముందు ఇలాంటి పనులు చేయిస్తున్నది మీరు కాదు, నిజమే. చేయొద్దని రాసి, బదులు ఏం వాడాలో ఇవ్వనిదీ మీరే.

క్లోరిన్ ఉన్న ద్రవాలది మరో ప్రమాదం. పాతరోజుల్లో కార్బన్ టెట్రాక్లోరైడ్ వాడేవారు. జిడ్డు వదిలించడంలో దానికి సాటి లేదు, కాలేయాన్నీ మూత్రపిండాలనూ పాడుచేయడంలోనూ లేదు. ఓజోన్ పొరను తినడంలో అది ఒకప్పటి ఫ్లషింగ్ ద్రవం ఆర్-11 కన్నా ఒకింత ఎక్కువే. ట్రైక్లోరోఎథిలీన్ ఇంకొకటి, అది మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. కడగడం అయ్యాక మేం చేసే తర్వాతి పనేమిటి? బ్రేజింగ్, అంటే టార్చ్ మంటతో పైపులు అతికించడం. పైపులో ఇలాంటి ద్రవం కొంచెం మిగిలున్నా, గదిలో దాని ఆవిరి ఉన్నా, టార్చ్ మంటకి అది ఫాస్జీన్‌గా మారగలదు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీద వదిలిన విషవాయువు అదే. ఊపిరితిత్తుల మీద దాని దెబ్బ కొన్ని గంటలు ఆలస్యంగా బయటపడుతుంది. బాల్కనీ గ్రిల్లుకీ గోడకీ మధ్య రెండడుగుల సందులో ఇరుక్కుని బ్రేజింగ్ చేసే కుర్రాడు, సాయంత్రం ఆయాసం వస్తే ఎండదెబ్బ అనుకుంటాడు.

ఇక్కడిదాకా ఎలా వచ్చామో ఒకసారి గుర్తుచేసుకుంటే మీ బాధ్యత ఎక్కడుందో తేలుతుంది. ఒకప్పుడు ఫ్లషింగ్ అంటే ఆర్-11. మంటరాదు, 24 డిగ్రీల దగ్గర మరుగుతుంది, జిడ్డుని కడిగి తనంతట తనే ఆవిరై పోతుంది. 1987లో ఓజోన్ పొరను కాపాడే మాంట్రియల్ ఒప్పందం వచ్చింది, 1992లో మన దేశం అందులో చేరింది, 2000లో ఓజోన్ నియమాలు వచ్చాయి, 2010 జనవరి 1 నాటికి సీఎఫ్‌సీలూ (ఆర్-11 లాంటి వాయువులు) కార్బన్ టెట్రాక్లోరైడూ వెళ్లిపోయాయి. ఆర్-11 స్థానంలోకి హెచ్‌సీఎఫ్‌సీ-141బీ వచ్చింది. ఓజోన్‌కి దీని దెబ్బ ఆర్-11లో తొమ్మిదో వంతు, మరుగు స్థానం 32 డిగ్రీలు. ముఖ్యంగా ఫోమ్ తయారీకి వచ్చిన సరుకే అది, అయినా చేతికి బాగా కుదిరింది. 2020 జనవరి 1 నుంచి దాని దిగుమతి లైసెన్సులు కూడా ఆపేశారు. చేసింది మంచి పని. ఫోమ్ పరిశ్రమకు బదులు ఏం వాడాలో చెప్పారు, అందుకు సాయమూ అందింది. మాకు మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆ ఖాళీలోకే పెట్రోలూ, లేబుల్ లేని సీసాలూ వచ్చాయి.

సర్కారును కూడా ఒక మాట అనాలి. 2019 మార్చిలో వచ్చిన ఇండియా కూలింగ్ యాక్షన్ ప్లాన్ 2022-23 కల్లా లక్షమంది సర్వీస్ టెక్నీషియన్లకు శిక్షణ, సర్టిఫికెట్ అంది. ఆలోచన మంచిదే. కానీ క్లాసులో నేర్పిన పద్ధతికి బయట కూలి గిట్టకపోతే సర్టిఫికెట్ గోడకు వేలాడుతుంది. అందుకే వాళ్లకు కాకుండా మీకు రాస్తున్నాను.

బదులు ఏం వాడాలి అంటే, అన్నిటికీ సరిపడే ద్రవం లేదు. ఉందని చెప్పి అమ్మేవాళ్లను నమ్మకండి. విదేశాల్లో ‘సేఫ్ సాల్వెంట్’ అని పేరుపొందినవాటిలో నారింజ తొక్కల నుంచి తీసే లిమోనిన్ ఒకటి. వాసన బాగుంటుంది, ఓజోన్‌కి హాని లేదు, జిడ్డుని గట్టిగానే పడుతుంది. అయితే దాని ఫ్లాష్ పాయింట్, అంటే ఆవిరి అంటుకోగల వేడి, 48 డిగ్రీల ప్రాంతం. చలిదేశంలో అది భద్రమే. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో డాబా మీద, మధ్యాహ్నం రెండింటికి, ఎండకు కాలిన అవుట్‌డోర్ యూనిట్ రేకు అంతకన్నా వేడిగా ఉంటుంది. అక్కడ అది పెట్రోలుకి తమ్ముడే. పైగా అది మరిగేది 176 డిగ్రీల దగ్గర, అంటే తనంతట ఆవిరవదు. నైట్రోజన్‌తో ఓపిగ్గా తోసి తోసి తీయాలి, లేకపోతే కొత్త ఆయిల్‌లో కలిసి కూర్చుంటుంది. వర్క్‌షాప్‌లో నీడపట్టున, విడదీసి తెచ్చిన కాయిల్‌కి బాగుంటుంది. డాబా మీద పనికి నేను వాడను.

హైడ్రోఫ్లోరోఈథర్లు ఉన్నాయి. మండవు, 61 డిగ్రీల దగ్గర మరిగే రకం పనికి అనువుగా ఉంటుంది. ఖరీదు చూస్తే గుండె ఆగుతుంది. దానికితోడు అవి పర్యావరణంలో ఎన్నటికీ పోని ఫ్లోరిన్ రసాయనాల కోవలోకి వస్తాయన్న తగువు ఉంది. వాటికి పేరుపడ్డ త్రీఎం కంపెనీయే అలాంటి రసాయనాల తయారీ 2025 చివరికల్లా మానేస్తామని 2022 డిసెంబర్‌లో ప్రకటించింది. అలాంటిదాన్ని నమ్ముకుని పద్ధతి పెట్టుకోలేం.

ఉన్నవాటిలో నా ఓటు హెచ్‌సీఎఫ్‌ఓ-1233జెడ్‌డీ అనే ద్రవానికి. మండదు, విషగుణం తక్కువ, భూమిని వేడెక్కించే గుణం అంకెల్లో చూస్తే లేనట్టే, ఓజోన్‌కి హాని దాదాపు సున్నా. 19 డిగ్రీల దగ్గరే మరుగుతుంది కాబట్టి సిలిండర్‌లోనే వస్తుంది. మన ఊళ్ల ఎండకి పైపులో చుక్క మిగలకుండా ఆవిరైపోతుంది. ఆ గుణమే దాని లోపం కూడా, ఎందుకంటే గాల్లోకి వదిలేస్తే డబ్బు ఆవిరవుతుంది. రికవరీ మెషీన్‌తో వెనక్కి పట్టాలి. ఇందులోనూ క్లోరిన్ ఉంది కాబట్టి టార్చ్ వెలిగించేలోపు నైట్రోజన్‌తో పూర్తిగా తోలేసి, గది తలుపులు తెరిచి ఉంచాలి. మూసిన గదిలో దీని ఆవిరి నేలబారున చేరి ప్రాణవాయువు లేకుండా చేస్తుంది. ‘సేఫ్’ అంటే ఏం చేసినా ఏమీ కాదని అర్థం కాదు. ఏ జాగ్రత్త కావాలో ముందే తెలిసినది, అంతే.

ద్రవం కన్నా పద్ధతి ముఖ్యం. గ్యాస్ ముందు రికవర్ చేయాలి, అంటే మెషీన్‌తో సిలిండర్‌లోకి పట్టాలి. కంప్రెషర్ తీసేయాలి, దాన్ని కడగడమనే మాటే లేదు. క్యాపిలరీ, స్ట్రెయినర్, డ్రయ్యర్ కోసి పారేయాలి. కండెన్సర్‌ని విడిగా, ఇన్‌డోర్ కాయిల్‌ని విడిగా, లైన్‌ని విడిగా, గ్యాస్ మామూలుగా పోయే దారికి ఎదురుదిక్కులో కడగాలి. బయటికొచ్చే ద్రవాన్ని తెల్లగుడ్డ మీద పడనిచ్చి చూస్తే మొదట నలుపు, తర్వాత గోధుమ, తర్వాత టీ రంగు, ఆఖరికి గుడ్డ మీద మరక పడదు. చాలామంది టీ రంగు దగ్గరే ఆపేస్తారు. అప్పుడు నైట్రోజన్, తర్వాత కొత్త డ్రయ్యర్‌తో బ్రేజింగ్, అదీ లోపల సన్నగా నైట్రోజన్ పారుతుండగా. లీక్ టెస్ట్, ఆపైన 500 మైక్రాన్ల (ఇది పీడనం కొలత) దాకా వాక్యూమ్. మైక్రాన్ గేజ్ లేకుండా ‘అరగంట తీశాం సార్’ అంటే దానికి అర్థం లేదు. పీఓఈ ఆయిల్ ఒకసారి తేమ పట్టిందంటే వాక్యూమ్‌కి కూడా అంత తేలిగ్గా వదలదు.

ఒకటి మీ డిజైనర్లకు కూడా చెప్పండి. కొత్త మోడళ్లలోనూ, కారు ఏసీల్లోనూ వస్తున్న మైక్రోచానెల్ కండెన్సర్ కాలిన మురికి పట్టాక కడగడానికి లొంగదు. చాలా సన్నని దారులు పక్కపక్కన ఉంటాయి, ద్రవం తెరుచుకున్న దారుల్లోంచి పోతుంది, మూసుకున్నవి మూసుకునే ఉంటాయి. దాన్ని మార్చడం తప్ప దారి లేదు. వారంటీలో కంప్రెషర్ ఒక్కటే ఇచ్చి కండెన్సర్ కస్టమర్ ఖర్చు అనడం, సగం వైద్యం చేసి ఇంటికి పంపడమే.

ఇక డబ్బు. మీరే ‘కంప్రెషర్‌పై 10 ఏళ్ల వారంటీ’ అని టీవీలో ఊదరగొడుతున్నారు. మొదటిది కాలాక సరిగ్గా కడగకుండా వేసిన రెండోది పోతే దాని ఖర్చు మీది, గ్యాస్ లేబర్ ఖర్చు కస్టమర్‌ది, నడిఎండలో మళ్లీ డాబా ఎక్కేది మేం. కడగడానికి అయ్యే ద్రవం, నైట్రోజన్, డ్రయ్యర్, రెండు మూడు గంటల కూలి అంతా కలిపినా కొత్త కంప్రెషర్ ధరకి దగ్గరగా కూడా రాదు. అయినా కార్డులో ఎందుకు లేదంటే నాకు తోచేది ఒకటే. కంప్రెషర్ ఖర్చు ఒక ఖాతాలోది, మా కూలి ఇంకో ఖాతాలోది, రెండూ ఒకే బల్ల మీదికి రావు.

‘గడి పెడితే కడగకుండానే బిల్లు పెడతారు’ అంటారేమో. పెట్టేవాళ్లుంటారు, కాదనను. సీరియల్ నంబర్ ఫొటో లేకుండా మీ యాప్ ఈరోజు జాబ్ క్లోజ్ చేయనివ్వదు కదా. అదే యాప్‌లో ఇంకో మూడు ఫొటోలు అడగండి. యాసిడ్ టెస్ట్ రంగు, మరకపడని తెల్లగుడ్డ, మైక్రాన్ గేజ్ రీడింగ్. ఈ మూడూ ఉంటే డబ్బివ్వండి, లేకపోతే ఇవ్వకండి. మాకేం అభ్యంతరం లేదు.

ద్రవం పేరు సర్వీస్ మాన్యువల్‌లో మీరే రాయాలి. ‘తగిన సాల్వెంట్‌తో శుభ్రపరచండి’ అన్న వాక్యం మీ మాన్యువళ్లలో నేను చాలాసార్లు చదివాను. తగినది ఏదో తేల్చే బాధ్యత డాబా మీద ఉన్న కుర్రాడిది కాకూడదు. మీ ల్యాబుల్లో గాస్కెట్లకీ, ఆయిల్‌కీ ఏది పడుతుందో చూసి పేరు పెట్టి రాయండి. సీసా మీద జాగ్రత్తలు తెలుగులో ఉండాలి. శ్రీసిటీలో ఏసీ ఫ్యాక్టరీలు వరసగా వెలిశాయి, మన గడ్డమీద తయారయ్యే మెషీన్‌కి తెలుగులో ఒక పేజీ అచ్చువేయడం కష్టం కాకూడదు. సర్వీస్ సెంటర్‌కి ఒక రికవరీ మెషీన్, రెండంచెల రెగ్యులేటర్‌తో నైట్రోజన్ సిలిండర్ మీ పూచీ మీద ఉండాలి. ఒక్కో కుర్రాడిని కొనుక్కోమంటే కొనడు, కొనలేడు.

వాడిన ద్రవం సంగతి కూడా తేల్చాలి. ఆమ్లం, ఆయిల్ కలిసిన ఆ మురికి ఇప్పుడు అపార్ట్‌మెంట్ డ్రైనేజీలో పోతోంది, లేకపోతే పూలకుండీ పక్క మట్టిలో. 2016 ప్రమాదకర వ్యర్థాల నియమాలు ఫ్యాక్టరీలకు బాగా తెలుసు, తెలంగాణలో దుండిగల్, ఆంధ్రలో పరవాడ శుద్ధి కేంద్రాలకు వాళ్ల వ్యర్థాలు లారీల్లో వెళతాయి. అర లీటరు డబ్బా పట్టుకుని మేం దుండిగల్ వెళ్లలేం. పాత కంప్రెషర్‌ని వారంటీ లెక్క కోసం వెనక్కి తెప్పించుకుంటున్నారు కదా, ఆ బండిలోనే మూత బిగించిన డబ్బా కూడా వెనక్కి తీసుకోండి.

సీజన్ రేట్ కార్డులు మాకు వేసవికి ముందు వస్తాయి. అన్ని చోట్లా ఒక్కసారిగా కుదరదంటే ఒక్క జిల్లాలో మొదలుపెట్టండి. ఎన్టీఆర్ జిల్లా అయితే మాలాంటివాళ్లం ముందుకొస్తాం, కొత్తవాళ్లకు చేసి చూపిస్తాం. రెండోసారి కంప్రెషర్ పోయిన కేసుల లెక్క మీ కంప్యూటర్లలో జిల్లాలవారీగా ఉంటుంది. ఏడాది నడిపాక ఆ లెక్క మాకూ చూపించండి.

ఇట్లు,
ఒక ఏసీ టెక్నీషియన్,
విజయవాడ